పురిటికొచ్చిన పక్షులు

మా కొత్తగూడలో కుంటను పూడ్చి అద్దాల మేడకు పునాది తీసిన ఏడాది, ముక్కు కింద సంచి ఉండే గూడబాతులను మళ్లీ చూడాలనిపించి నెల్లూరు జిల్లా నేలపట్టు దాకా వెళ్లాను. చిన్నప్పుడు మా బట్టల దుకాణం గడప మీద కూర్చుంటే, ఎదురుగా కుంటలో అవి ఈదుతూ కనిపించేవి.

జీపు రమణయ్యది, ఆ ఊరి మనిషే. బురదలో, తుంగలో గంటసేపు మా ఇద్దరినీ ఎగరేసిన జీపును ఒక గట్టు మీద ఆపి, ఇంజను కట్టేశాడు. దూరాన నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద తెల్లటి చుక్కలు కదులుతున్నాయి.

"ఇంత దూరంకెల్లి ఏం కనబడ్తదన్నా? ఇంకో వంద గజాలు పోనీయి," అన్నాను.

"కుదరదు సామీ. అవి మా ఊరికి పురిటికొచ్చిన ఆడబిడ్డలు."

దుకాణంలో పెరిగిన నోరు ఊరుకుంటుందా? "సరే, యాభై చెయ్యి."

రమణయ్య నవ్వాడు. "వాటి కోసం దీపావళికి టపాకాయలే కాల్చం సామీ మేము. మీరేమో పురిటి గదిలోకి జీపు తోలమంటుండారు! మీ ఊళ్లో దిగవా ఇవి?"

"దిగేటియి. ఇగ కుంటనే లేదన్నా, పూడ్చిన్రు."

అతని నవ్వు ఆగిపోయింది. "అయ్యో, ఆ సంగతి తెలీక ఈ ఏడు కూడా వచ్చుంటాయే! నీళ్లు కనబడక ఎటు పోయినాయో పాపం."

యాభై గజాల బేరం వదిలేసి జీపు దిగాను. గట్టు మీదే నిలబడి, కనిపించినంత చూశాను.

ఇప్పటికీ కొత్తగూడ మీదుగా పక్షుల గుంపు ఎగిరితే, చేతిలో పని వదిలేసి తలెత్తి చూస్తాను. అవి దిగే చోటు కోసం రెండో చుట్టు తిరిగితే మాత్రం తల దించుకుంటాను.