గోపు గంగారాం ముత్తాత కేసు

1977 జూన్‌లో నన్ను కరీంనగర్ కలెక్టరేట్ రికార్డు గది నుంచి ఆదిలాబాద్ జిల్లాకు డెప్యుటేషన్ మీద పంపారు. హోదా నాయబ్ తహసీల్దార్, పని ఏజెన్సీ గ్రామాల్లో భూముల విచారణ. సీనియర్లు ఉండగా నన్నే పంపడానికి కారణం నా ఉర్దూ. పోలీసు చర్యకు ముందు ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా దాన్ని చూసి తల పట్టుకుంటారు. నేను దినపత్రిక చదివినట్టు చదివేవాణ్ని. ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు సరదా, ఆ రోజుల్లో మరీ సరదా.

విచారణ పద్ధతి ఇది. ఏజెన్సీలో భూమి గిరిజనులదేనని చట్టం ముందే అనుకుంటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుల దగ్గర నుంచి రాలేదని అతనే రుజువు చేసుకోవాలి. నోటీసు ఇస్తాం, కాగితాలు తెచ్చుకుంటాడు. తెచ్చుకోలేకపోతే భూమి వదిలిపోవాలి. చాలామంది విషయంలో ఆ నోటీసు న్యాయమైనదే. ఉప్పుకూ గుడ్డముక్కకూ గోండుల చేలు రాయించుకున్నవాళ్లను నేనే ఎందరినో చూశాను, వాళ్ల మీద నాకు ఇప్పటికీ జాలి లేదు.

గోపు గంగారాం అలాంటివాడు కాదని మొదటి రోజే అనిపించింది. ఖానాపూర్ దాటి అడవి వైపు పోయే దారిలో అతని ఊరు. పేర్లూ ఇంటిపేర్లూ మార్చాను, ఊళ్ల పేర్లు రాయను. ఆ కుటుంబం చదివినా తమదని పోల్చుకోకూడదు. ధర్మపురి కూడా నేను మార్చిన పేర్లలో ఒకటి కావచ్చు.

గంగారాంకు అరవై ఏళ్లుంటాయి. భార్య పోయింది. పద్దెనిమిది ఎకరాల చెలక, జొన్న, పత్తి. ఒక్కడే కొడుకు పోశెట్టి. కోడలు లక్ష్మికి అప్పుడు ఏడో నెల. భూమి తప్ప ఆ ఇంటికి మరో ఆధారం లేదు. వాంగ్మూలం ఇమ్మంటే, తన ముత్తాత కరువులో బండి కట్టుకొని తూర్పు నుంచి గోదావరి ఒడ్డు పట్టుకొని పడమరకు వచ్చాడని చెప్పాడు. అప్పటికి అక్కడ అడవే తప్ప చేను లేదట, తమవాళ్లే నరికి సాగు చేశారట. ఏ ఊరి నుంచి వచ్చారో, ముత్తాత పేరేమిటో అతనికి తెలియదు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, చెప్పేవాళ్లు లేకపోయారు.

మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరును సేత్వార్ అంటారు. జిల్లా రికార్డు గదిలో దుమ్ము తిని మూడు రోజులకు ఆ ఊరి సేత్వార్ పట్టాను. గంగారాం సర్వే నంబరు ఎదురుగా 'రాజన్న వల్ద్ లింగన్న' అని ఉంది. వల్ద్ అంటే కొడుకు. పక్కన అతని పాత ఊరు కూడా రాసి ఉంది, ధర్మపురికి దగ్గరి ఊరు. ఇంటిపేరు రాయలేదు. సర్వే నాటికే భూమి ఆ రాజన్నది. అంటే గిరిజనుల దగ్గర కొన్నది కాదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

అయితే ఒక మెట్టు తెగిపోయింది. తర్వాతి కాగితాల్లో అదే భూమి గోపు మల్లయ్య పేరు మీద ఉంది. మల్లయ్య గంగారాంకు తాత. రాజన్న నుంచి మల్లయ్యకు భూమి ఎలా వచ్చింది? తండ్రి పోతే కొడుకు పేరెక్కించే కాగితాన్ని విరాసత్ అంటాం. ఆ విరాసత్ ఫైలు చెదలు తినేశాయి. రాజన్న కొడుకే మల్లయ్య అని మరో చోట రుజువు దొరికితే కేసు గెలిచినట్టే. అందుకని తూర్పు ఊరికి టూరు వేసుకున్నాను.

బయలుదేరే రోజు గంగారాం ఇంట్లో లక్ష్మి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను ఏ ఊరు పోతున్నానో విని ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అది ఆమె పుట్టిన ఊరు.

"మా బాపు గలిస్తే నేను మంచిగున్ననని చెప్పుండ్రి సారూ. ఫికర్ జేయొద్దనుండ్రి."

ఆమె తండ్రి దొంతుల ఎల్లయ్య. మధ్యవర్తి ఈ సంబంధం తెచ్చినప్పుడు పిల్లది తూర్పు ఊరని విని గంగారాం మనసు పడ్డాడట. ఇంటిపేర్లు వేరు, అడ్డమేమీ లేదు. తమ ముత్తాతదీ కోడలిదీ ఒకే ఊరని నేను చెబితే ముసలాయన మురిసిపోయాడు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తూర్పు ఊళ్లో పట్వారీ దస్త్రాలన్నీ తీశాడు. ఆ ఊళ్లో గోపువారు ఒక్కరూ లేరు, ఎన్నడూ లేరు. గంగారాం ఎవరి భూమినో తనదంటున్నాడా? ఇన్నేళ్ల సర్వీసులో మనిషిని చూసి ఇంత మోసపోయానా? ఆ పూట ఎల్లయ్య ఇంట్లోనే భోజనం. కూతురి కబురు విని పొంగిపోయి కొసరి కొసరి వడ్డించాడు. నా తిప్పలు విని, పాత తరాల సంగతి కావాలంటే ధర్మపురిలో తమ పంతులుగారి పుస్తకం చూడమని తానే చెప్పాడు.

ధర్మపురి తీర్థ పురోహితుల్లో కొందరు యజమానుల వంశాలు పుస్తకాల్లో రాసి ఉంచుతారు. పుష్కరాలకు వచ్చి గోదావరిలో మునిగి పిండం పెట్టినవాళ్ల పేరు, తండ్రి, తాత, ఊరు. తర్వాతి పుష్కరానికి కొడుకు వస్తే దాని కిందే రాస్తారు. రెవెన్యూ వాళ్లం మర్చిపోయినవి అక్కడ ఉంటాయి. ఎల్లయ్య చెప్పిన పురోహితుడికి ఎనభై దాటాయి, చూపు మాత్రం బాగుంది. గోపువారి కోసం వెతికి లేరన్నాడు. రాజన్న, లింగన్న అనే పేర్లు చెబితే ఆగి, దొంతులవారి పుట తీశాడు.

దొంతుల లింగన్నకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఎల్లయ్య, చిన్నవాడు రాజన్న. రాజన్న కింద ఒక పుష్కరం నాటి రాత ఉంది: కొడుకు మల్లయ్య, ఖానాపూరు అడవి ఊరి నుంచి వచ్చి, తండ్రి దొంతుల రాజన్నకూ, తల్లిని కన్న గోపు మల్లయ్యకూ పిండాలు పెట్టాడు. పురోహితుడు విడమరిచి చెప్పాడు. పొరుగూరి గోపు మల్లయ్యకు మగపిల్లలు లేరు. రాజన్నను ఇల్లరికం తెచ్చుకొని, కూతుర్నీ అల్లుణ్నీ వెంటబెట్టుకొని కరువులో పడమరకు పోయాడు. పుట్టిన పిల్లలు గోపువారే కావాలని ముందే ఒప్పందం. ఇల్లరికం అంటే నలుగురిలో నామోషీ, అందుకే ఆ ఇంట్లో ఈ ముచ్చట ఎవరూ ఎత్తి ఉండరు.

నేను గబగబా నకలు రాసుకోవడం మొదలుపెట్టాను. రుజువైపోయింది, కేసు గెలిచాం. రాజన్న వరస పూర్తిచేసి అన్న వరసలోకి వచ్చాను. ఎల్లయ్య, అతని కొడుకు లింగన్న, అతని కొడుకు లస్మయ్య, అతని కొడుకు ఎల్లయ్య. నాకు అన్నం పెట్టిన ఎల్లయ్య. లక్ష్మి తండ్రి.

కలం ఆగిపోయింది. పోశెట్టిదీ లక్ష్మిదీ ఒకే ఇల్లు. నాలుగు తరాల కింద అన్నదమ్ముల బిడ్డలు, వావికి అన్నాచెల్లెళ్లు. వాళ్లకు పెళ్లి చేశారు, ఆమె కడుపుతో ఉంది. పురోహితుడు ఏమైందని అడిగాడు. ఎండదెబ్బ తగిలిందని చెప్పి, ఆయన ఇచ్చిన నీళ్లు తాగి, అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

చట్టప్రకారం ఆ పెళ్లికి వచ్చిన ముప్పేమీ లేదు. అంత దూరపు చుట్టరికాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. కానీ ఆ రోజుల్లో ఆ ఊళ్లలో చట్టం ఎవరడుగుతారు? ఒకే ఇంటివాళ్లకు పెళ్లంటే కులపెద్దలు విడదీసేదాకా ఊరుకోరు. మరి నా రిపోర్టుకు వంశవృక్షం జత చేయాలి. దాని నకలు ఊరి చావిడి గోడకు అంటించి, అభ్యంతరాలు చెప్పమని గడువు ఇవ్వాలి. రాజన్నను దొంతులవాడని రాయకుండా మల్లయ్యకు కలపలేను. రాస్తే ఊరంతా చదువుతుంది. భూమిని నిలబెట్టే కాగితమే పెళ్లిని కూలుస్తుంది, సగం చూపించి సగం దాచే వీలు దానిలో లేదు.

తిరిగి వెళ్లి గంగారాంను చేను గట్టు మీదికి తీసుకుపోయి అంతా చెప్పాను. ఆయన ఉన్నచోటనే కూలబడ్డాడు. ఇది ఎవరెవరికి తెలుసని అడిగాడు. పురోహితుడికి ఈ పెళ్లి సంగతి తెలియదు, నాకు తప్ప ఎవరికీ తెలియదన్నాను. చట్టం ఒప్పుకుంటుందని కూడా చెప్పాను.

"చట్టమొచ్చి మా బంతిల కూసుంటదా సారూ?" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు: "భూమి పోతే ఇంకో తాన కూలి జేస్తం. గా పిల్ల యాడికి పోతది?"

తొందరపడవద్దన్నాను. కొడుకుతో మాట్లాడమన్నాను. వాడికి ఎన్నటికీ తెలియనీయవద్దని నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి వచ్చి ఉన్నాడు. రెండో వాంగ్మూలం ఇస్తానన్నాడు. ఆయన చెప్పినట్టే రాశాను: సేత్వార్‌లో ఉన్న రాజన్నకూ మాకూ ఎట్టి సంబంధమూ లేదు, నా దగ్గర వేరే ఆధారమూ లేదు. చదివి వినిపించాను. వేలిముద్ర వేశాడు. నా సర్వీసులో ఎన్ని వేలిముద్రలు తీసుకున్నానో లెక్కలేదు. సొంత ముత్తాతను కాదని వేసిన వేలిముద్ర అదొక్కటే. చూస్తూ ఉండిపోయాను, అద్దుడు కాగితం ఒత్తడం కూడా మరిచిపోయాను. ధర్మపురి నకలు ఫైలులో పెట్టలేదు. దొరికిన సాక్ష్యాన్ని దాచడం ఉద్యోగ ధర్మం ప్రకారం నేరం. తెలిసే చేశాను.

ఉత్తర్వులు వచ్చాయి. భూమిని ఇద్దరు భూమిలేని గోండు రైతులకు ఇచ్చారు, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. గంగారాం నిర్మల్ వైపు ఏదో ఊళ్లో ఒకరి చేను పాలుకు చేస్తున్నాడనీ, లక్ష్మికి ఆడపిల్ల పుట్టిందనీ విన్నాను. తర్వాత పోశెట్టి దుబాయికి పోయాడని తెలిసింది.

1991లో నేను కరీంనగర్ జిల్లాలో మండల రెవెన్యూ అధికారిని. పదవీ విరమణకు ఏడాది ఉంది. చేయి చాచనివాడని పేరుండేది, ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది. ఒక మధ్యాహ్నం నలభై ఏళ్ల మనిషి గదిలోకి వచ్చాడు. నేను పోల్చుకోలేదు. గోపు గంగారాం కొడుకునని అతనే చెప్పాడు. తండ్రి ముందటేడు పోయాడు. దుబాయి నుంచి వచ్చి, వకీలును పెట్టి, పాత ఫైలు నకళ్లన్నీ తీయించాడు. వకీలు గట్టివాడే. నా టూరు డైరీలో 'ధర్మపురి, రికార్డు పరిశీలన' అని రెండు రోజులు రాసి ఉంది. ఫైలులో ధర్మపురి కాగితం ఒక్కటీ లేదు.

"ధర్మపురిల ఏం దొరికింది? గా కాయిదం యాడ వెట్టినవ్? మా బాపును బెదిరిచ్చి ఏలిముద్ర ఏపిచ్చుకున్నవ్. ఎవని తాన ఎంత తిన్నవ్?"

గుమాస్తాలందరూ పనులు ఆపి చూస్తున్నారు. అప్పుడు వరండాలో నిలబడ్డ లక్ష్మిని చూశాను. పక్కన ఆమెంత ఎత్తు కూతురు. లక్ష్మి నన్ను గుర్తుపట్టి, మొగుడి కేకలు వినబడుతున్నా, రెండు చేతులూ జోడించింది. ఈలోగా పోశెట్టి, మర్నాడే ధర్మపురికి పోయి పంతుళ్ల పుస్తకాలన్నీ తిరగేయిస్తానన్నాడు.

ఆలోచించే వ్యవధి లేదు. ధర్మపురిలో నేను బస మాత్రమే చేశాననీ, కాగితం దొరికింది మీ పాత ఊరి పట్వారీ దగ్గరనీ, అది ఇప్పుడు లేదనీ, నేనే చించేశాననీ అందరూ వినేలా చెప్పాను. ఎందుకని అడిగాడు. జవాబు చెప్పలేదు. చెప్పకపోతే ఏమనుకుంటాడో అదే అనుకున్నాడు. నా బల్ల మీద ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న ధర్మపురి నకలు తీసి పొయ్యిలో వేశాను. పోశెట్టి ఫిర్యాదు పెట్టాడు. శాఖాపరమైన విచారణ జరిగింది. సాక్ష్యం నాశనం చేశానని గుమాస్తాలు నా మాటల్నే చెప్పారు, నేను కాదనలేదు. లంచం రుజువు కాలేదు గానీ పింఛనులో కోత పడింది. దాని మీద అప్పీలు చేయలేదు. అతను ధర్మపురికి పోలేదు.

ఆ శిక్ష సరైనదే. ఎవరి మేలు కోసమైనా దొరికిన కాగితాన్ని దాచే హక్కు విచారణ అధికారికి లేదు. ఈ కేసు నాకు నేర్పింది పని పద్ధతికి సంబంధించిన ఒక చిన్న విషయం. ఈ మధ్య కొందరు తమ వంశవృక్షం వెతికిపెట్టమని నా దగ్గరికి వస్తున్నారు. తాతల పేర్లు అడగడానికి ముందు, ఇప్పుడు బతికి ఉన్నవాళ్లలో ఎవరి పెళ్లి ఏ ఇంటివాళ్లతో అయిందో కాగితం మీద రాయించుకుంటాను. అది చదివాకే వెతకాలో వద్దో చెబుతాను.