డబ్బా మింగిన మాట

మొన్న మా అవ్వ పోయిన తిథి వస్తే, తమ్ముడి ఇంట్లోవాళ్లెవరో మా కుటుంబం ఫోన్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే నాన్న, మా వైపు అలాగే పిలుస్తాం. పెళ్లిపందిట్లో నిలబడి అవ్వ ఇటు చూస్తూ ఏదో అంటున్న ముక్క అది. దాన్ని సాగదీసి, రెప్ప వాల్చడానికి కూడా ఒక పూట పట్టేంత నెమ్మది చేసి, వెనక ఏదో ఏడుపు పాట అతికించి, కింద బంగారు అక్షరాలతో 'అమ్మ ఆశీస్సులు' అని రాశారు. చుట్టాలందరూ దండం పెట్టే బొమ్మలు పంపారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఫోన్ మంచం మీదికి విసిరేసి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు దడదడలాడిస్తుంటే, ఏమైందోనని తొంగిచూసిన మా ఆయన నా ముఖం చూడగానే వచ్చిన దారినే వెళ్లిపోయారు. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు, కాదనను. కానీ ఆ వీడియో నెమ్మదిగా కాకుండా మామూలుగా ఆడటం కోసం నేను ఒకప్పుడు ఎంతమందితో పోట్లాడానో వింటే మీరు నన్నేమీ అనరు.

మా బాపు బోధన్ వైపు ఒక చెరకు మిల్లులో, గడలు నలిగే రోలర్ల దగ్గర పనిచేసేవాడు. మా ఈడు వాళ్లకు ఆ రోజులు చెప్పక్కర్లేదు. చలి మొదలై మిల్లు నడవడం మొదలైతే రోడ్డంతా బండ్ల వరస, ఊరంతా మరిగిన చెరకు మడ్డి వాసన, చెరకు బండి వెనక పరుగెత్తి గడ లాగడం, అన్నీ గుర్తుండే ఉంటాయి. లోపలి రొద మాత్రం లోపలి వాళ్లకే తెలుసు. పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు కాబట్టి వాళ్లంతా గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రం కదిపి, ఒకరి నోరు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్లు. చెవుల్లో ఇంత దూది కుక్కుకోవడం తప్ప ఆ మనుషుల చెవుల సంగతి ఆలోచించిన మహానుభావుడు ఒక్కడూ లేడు. పని మానే నాటికి బాపు చెవులు పూర్తిగా పోయాయి.

అవ్వ కూడా ఆ పెదవుల మాట నేర్చుకుంది. వాళ్లిద్దరూ వాకిట్లో ఎదురుబొదురుగా కూర్చుని చప్పుడు లేకుండా ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు, చప్పుడు లేకుండానే కొట్లాడుకునేవాళ్లు. తల్లిదండ్రుల తగాదా ఒక్క మాట కూడా వినకుండా పెరిగిన పిల్లలు మేమే కావచ్చు. అవ్వకు అలక వస్తే ముఖం తిప్పుకునేది, అంతే. ఆ పెదవులు కనపడకపోతే బాపుకు ఇల్లంతా తాళం పడ్డట్టే. పిల్లిలా ఆమె చుట్టూ తిరిగేవాడు.

ఆ వీడియో మా మేనమామ కూతురి పెళ్లిది. పెళ్లి నవీపేటలో జరిగింది. ఆ రోజుది నాకు బాగా గుర్తున్నది విందు కాదు, తిరుగు ప్రయాణం. బాపు కొత్త చెప్పులు పందిట్లో ఎవరో వేసుకుపోయారు. చెప్పుల పక్కనే కూర్చుని నువ్వేం చేస్తున్నవని ఎన్నడూ లేనిది ఆటోలో నిజామాబాద్ దాకా గొంతెత్తి అవ్వను తిట్టిపోశాడు, తన గొంతు తనకు వినపడదు గనుక దారిన పోయేవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా. అవ్వ ముఖం అటు తిప్పి పొలాలు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మాటలు కలిశాయి గానీ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ వానాకాలంలోనే గుండె ఆగి అవ్వ వెళ్లిపోయింది. బాపును నేను మా ఇంటికి తెచ్చుకున్నాను.

కొన్నాళ్లకు తమ్ముడు పెళ్లి వీడియో తెచ్చి నా కంప్యూటర్‌లో వేశాడు. పెళ్లికొడుకు స్నేహితుడెవరో అప్పుడే కొత్తగా వచ్చిన హెచ్‌డీ కెమెరాతో తీసిందట. నేను ఇంట్లో పెళ్లికార్డులూ కరపత్రాలూ టైపు చేసేదాన్ని, నా కంప్యూటర్ ఆ పనికి సరిపోయేదే గానీ అంత పెద్ద బొమ్మను మోసే ఓపిక దానికి లేదు. సన్నాయి ఆగకుండా వినిపించేది, బొమ్మ మాత్రం బిగుసుకుపోయి, ఒక్కసారి దూకి, మళ్లీ బిగుసుకుపోయేది. అందులో ఒకచోట బాపు ఎవరితోనో మాట్లాడుతూ వీపు తిప్పి నిలబడ్డాడు. దూరం నుంచి అవ్వ ఆయన్నే చూస్తూ గొంతు లేకుండా ఏదో అంటోంది. బాపు కుర్చీలోంచి లేచి తెరకు ముక్కు ఆనించాడు. అవ్వ నోరు తెరుచుకుంది, బొమ్మ ఆగింది, మళ్లీ కదిలేసరికి నోరు మూసుకుంది.

"గీ డబ్బ మాటలు మింగుతున్నది బిడ్డా," అన్నాడు. "నన్నే సూసి అంటున్నది. నేను అటు మర్రి, వీపు ఇటు పెట్టి ఉన్న."

ఆపి ఒక్కో బొమ్మా చూపించాను. అట్ల గాదు, నోరు తెరిచిన ఫోటోలో మాట ఉండదు, మాట పోయే తీరులోనే పోవాలె అన్నాడు. ఆమె ఏమందో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకోగలవాడు ఆయన ఒక్కడే. రోజూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని నా వైపు చూసేవాడు.

తమ్ముడికి చెబితే నవ్వాడు. "బాపుకు ఇనబడదాయె, గాయినకు వీడియో ఎందుకే అక్కా? మంచి ఫోటో పెద్దగ చేయించి గోడకు పెట్టిస్త తియ్యి!" ఆ మాటకు నేను వాడిని ఏమన్నానో ఇక్కడ రాయలేను. నా పోరు పడలేక చివరికి వీడియోను చిన్న సైజు చేయించి సీడీలో తెచ్చాడు. అది ఆగకుండా ఆడింది నిజమే, కానీ అవ్వ నోటి దగ్గర నాలుగు మసక గడులు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక నేనే బజారున పడ్డాను. బస్టాండు వైపు ఒక దుకాణం వాడు ర్యామ్ ఎక్కువ వేస్తే చాలన్నాడు, వేయించాను, బొమ్మ బిగుసుకోవడం మానలేదు. అయితే వీడియో కార్డు కావాలన్నాడు, అంటూనే పళ్లికిలించి "గది పిల్లలు గేములాడుకునే కార్డు మేడం, మీకెందుకు?" అని అడిగాడు. కొన్నాను. తెచ్చి విప్పితే అది నా పాత బోర్డులో దూరనే దూరదు, గాడి వేరట! తిరిగి తీసుకెళ్తే డబ్బా విప్పినంక వాపస్ లేదన్నాడు. నా కంప్యూటర్ బోర్డు చూసి మరీ ఇచ్చినవాడు వాడే. దుకాణం గుమ్మంలో నిలబడి నేను ఎత్తిన గొంతుకు పక్క ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులు పట్టుకునే బయటకు వచ్చారు. నేను కదలనని తెలిశాక వాడు దారికొచ్చాడు. ఆ కార్డునే ఉంచి, దానికి సరిపడే కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ వేసి, అంతా నా ముందే బిగించి ఇచ్చాడు. పైన పాత డబ్బా అలాగే ఉంది, లోపల సమస్తం మారింది.

ఇంటికి తెచ్చి పెట్టాను. బాపు కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. అవ్వ పందిట్లోంచి ఒక్క తడబాటు లేకుండా, చీర కొంగు సర్దుకుంటూ, బతికి ఉన్నప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. నేను కళ్లు తుడుచుకుంటుంటే బాపు తెరకు ఇంకా దగ్గరగా జరిగాడు. మళ్లీ పెట్టుమని చేత్తో సైగ చేశాడు, మళ్లీ పెట్టాను.

ఏమన్నది బాపూ అని ఆయన ముందుకు వచ్చి పెదవులతో అడిగాను.

"నీ చెప్పులు ఎవడో తొడుక్కపోతుండు, మర్రి సూడు అన్నది," అన్నాడు. వాడకట్టంతా వినపడేంత గట్టిగా అన్నాడు. తర్వాత తెర వైపు తిరిగి చాలాసేపు చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. అవ్వకు ఏం చెప్పుకున్నాడో నాకు తెలియలేదు, అడగలేదు కూడా.

బాపు కూడా పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అరచేతిలో పట్టే ఫోన్‌లో ఎంత పెద్ద వీడియో అయినా నీళ్లలా పారుతుంది, ఎవరూ ఏ బోర్డూ మార్చనక్కర్లేదు, ఏ దుకాణం వాడితోనూ గొడవ పడనక్కర్లేదు. అలాంటిది వీళ్లు కూర్చుని మరీ దాన్ని నెమ్మది చేశారు! అందంగా ఉంటుందట. ఆమె అన్న మాట ఏమిటని అడిగినవాడు గ్రూపులో ఒక్కడూ లేడు, మాటొకటి అంటోందని గమనించినవాడూ లేడు. ఆశీస్సులట. మొగుడి చెప్పులు పోతున్నాయని ఆ మనిషి గాభరా పడుతుంటే ఆశీస్సులట.

పెదవులు చదవడం నేను నేర్చుకోలేదు. ఆ ఒక్క వాక్యం మాత్రం చూసి చూసి వచ్చేసింది. మొన్న కోపం చల్లారాక ఫోన్ తీసి, అదైనా చదువుదామని అవ్వ నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది, ఆ సాగదీతలో అవ్వ నోరు తెరిచి మూసింది, నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.