బంతి వడ్డించిన జర్మన్

యోఖెన్ హార్ట్‌విగ్ ఫుట్‌బాల్ ఆడి బతికేవాడే గానీ గోల్ కొట్టిన పాపాన పోలేదు. ఎదురుగా గోలు ఆవలిస్తున్న నోరులా తెరుచుకుని ఉన్నా, బంతిని పక్కవాడికి ఇచ్చేసేవాడు. పక్కన ఎవరూ లేకపోతే, ఎవరైనా వచ్చేదాకా ఆగేవాడు.

1999లో జర్మనీ నుంచి వచ్చి, కోవెంట్రీ శివార్లలో వీవర్స్ యునైటెడ్ అనే చిన్న క్లబ్బులో చేరాడు. మిడ్‌ఫీల్డర్. అంటే వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకి చేరవేసేవాడు. చేరవేయడమే ఉద్యోగం కాబట్టి మొదటి ఏడు ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడు గొణిగారు. మూడో ఏటికల్లా పబ్బుల్లో అతనికి ‘ఆఫ్టర్ యూ’ అని నామకరణం జరిగిపోయింది. ‘మీరు ముందు’ అన్నది అతని నోటి మాట, కాలి మాట కూడా.

చిప్స్ షాపులో క్యూ కడితే వెనకొచ్చినవాళ్లందరినీ ముందుకి పంపి, షాపు మూసే వేళకి ఖాళీ చేతులతో ఇంటికి పోయేవాడు. కోవెంట్రీ రింగ్‌రోడ్డు మీద పక్క దారుల్లోంచి వచ్చే ప్రతి కారుకీ దారిచ్చేవాడు. అతని వెనక చిక్కుకున్నవాళ్లలో పెళ్లికి పోతున్నవాళ్లు నామకరణానికి చేరేవారని చెప్పుకునేవారు.

డాక్టర్ చలపతికి అతను పరిచయమైంది ఆపరేషన్ బల్ల మీద. చలపతిది గుడివాడ. కోవెంట్రీలో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరు. వారమంతా జనాన్ని నిద్రపుచ్చి, శనివారం మధ్యాహ్నం వీవర్స్ మైదానంలో తను ఫుట్‌బాల్ మత్తులో పడేవాడు. ఆ మత్తుకోసం డ్యూటీల పట్టీలో ఆదివారాలన్నీ తన నెత్తిన వేసుకునేవాడు. ఒకరోజు బల్ల మీద మోకాలు వాచిన తన వీరుడే కనబడ్డాడు.

"పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి."

"మీరు ముందు, డాక్టర్" అన్నాడు యోఖెన్.

చలపతి తడబడి "పది, తొమ్మిది" అనేశాడు. నర్సు "ఎనిమిది" అంది. సర్జన్ "ఏడు" అన్నాడు. ఆరు ఎవరిదా అని అందరూ చూసేసరికి పేషెంటు హాయిగా నిద్రపోయాడు. ఆ థియేటర్లో అంత చక్కటి పాసింగ్ మళ్లీ ఎవరూ చూడలేదు.

తీరా చూస్తే అతనిల్లు చలపతి ఇంటి వెనక వీధిలోనే. చలపతి భార్య కనకదుర్గ జీపీ, అంటే పేట డాక్టరు. క్లినిక్కుకి వచ్చిన ప్రతి దగ్గునీ జలుబునీ చూసినట్టే ఇతన్నీ ఎగాదిగా చూసింది. యోఖెన్ అన్న పేరు నోరు తిరగక కాదు, ముద్దొచ్చి ‘యోగి గారు’ని చేసేసింది.

ఒక ఏడాది తెలుగు సంఘం ఉగాది భోజనాలకి యోగి గారినీ పిలవమని కనకదుర్గ అంటే చలపతి ఉత్సాహంగా ఫోన్ చేశాడు. హాలు చిన్నది, జనం ఎక్కువ. "మూడు బంతులండీ, మొదటి బంతి పన్నెండున్నరకి" అంది కనకదుర్గ వంటింట్లోంచి. తలలో ఫుట్‌బాల్ తప్ప మరొకటి లేని చలపతి దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపాడు: "త్రీ బాల్స్! ఫస్ట్ బాల్ ట్వెల్వ్ థర్టీ షార్ప్!"

పన్నెండుంపావుకి పట్టుచీరల మధ్యకి యోఖెన్ వచ్చాడు. నిక్కరు, మేజోళ్లు, మేకుల బూట్లు. చంకలో ఒక బంతి. మిగతా రెండూ కార్లో ఉన్నాయట.

"డాక్టర్ గారూ, మీ ఇంగ్లీషుకి ముందు మత్తిచ్చి పడుకోబెట్టండి" అన్నాడు చలపతి పక్కింటి సాఫ్ట్‌వేర్ విద్యాసాగర్, కడుపు పట్టుకుని.

కనకదుర్గ నవ్వాపుకుని వివరించింది. "మా భాషలో మీరు తన్నేదీ బంతే, భోజనానికి కూర్చునే వరసా బంతే. మీరు మొదటి వరసలో కూర్చోండి."

"వీళ్లు ముందు" అన్నాడు యోఖెన్. అని, బూట్లు విప్పి, ఎవరి చేతిలోదో పులిహోర బేసిను అందుకున్నాడు. అంతే! ఆ బంతి, ఈ బంతి, కడబంతి దాకా వడ్డిస్తూనే ఉన్నాడు. పేపరు ప్లేటు ఎక్కడ ఖాళీ అయితే అక్కడ ప్రత్యక్షం. "చాలు బాబూ" అంటే అర్థం కాదాయె. విద్యాసాగర్‌కి గారె మీద గారె పడింది.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వీడు జర్మన్‌వాడై కూడా నన్ను చంపేస్తున్నాడు" అని మూలిగాడు విద్యాసాగర్, పన్నెండో గారె చేతిలో పెట్టుకుని.

ఇలా ఏళ్లు గడిచాయి. 2008 వసంతంలో క్లబ్బుకి కొత్త మేనేజరు వచ్చాడు. ‘టీమ్ స్పిరిట్’ అని గోడల నిండా పోస్టర్లు అంటించే రకం. అలాంటివాళ్లకి టీము మీద నమ్మకం తక్కువ, పోస్టర్ల మీద ఎక్కువ. యోఖెన్‌ని పిలిచి ఒకటే మాట చెప్పాడు: సీజన్ ముగిసేలోగా ఒక్క గోల్ కొడితే ఇంకో ఏడాది కాంట్రాక్టు, లేకపోతే సెలవు. ముప్పైఆరేళ్లవాణ్ణి ఇంకే క్లబ్బు తీసుకుంటుంది? యోఖెన్‌కి మాత్రం ఇంకొక్క ఏడాది ఆడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ సంగతి చలపతికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక చలపతి ఆగుతాడా? రోజూ సాయంత్రం పెరట్లో కోచింగు. "కాలు ఇలా ఎత్తి, ఇలా..." అని చూపించబోయి తనే రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు. యోఖెన్ శ్రద్ధగా చూసి, బంతిని తిరిగి అతనికే ఇచ్చేవాడు.

చివరి శనివారం రానే వచ్చింది. గెలిస్తే వీవర్స్ ఉన్న డివిజన్‌లో ఉంటుంది. గెలవకపోతే కింది డివిజన్‌కి జారుతుంది. తొమ్మిదేళ్లలో ఒక్క మ్యాచీ చూడని కనకదుర్గ కూడా వచ్చింది. చలపతికి ఒక పక్క ఆమె, ఇంకో పక్క విద్యాసాగర్.

ఆట మొదలైన కాసేపటికే డారెన్ అనే భారీ డిఫెండరు బంతిని తన్ని సొంత గోల్లోనే వేసుకున్నాడు. ఆటలు సోదరభావాన్ని పెంచుతాయని ప్రసంగించే పెద్దలు ఆ క్షణంలో ఆ గ్యాలరీలో కూర్చోవలసింది. డారెన్ తల్లి, అమ్మమ్మ, వాళ్లింటి కుక్క, జనం తిట్లకి ఎవరూ మిగల్లేదు. ఇంటర్వెల్ ముందు వీవర్స్ ఎలాగో ఒకటి తిరిగి కొట్టింది. ఒకటీ ఒకటీ.

రెండో సగమంతా యోఖెన్ చేసిందొకటే. బంతి దొరికితే డారెన్‌కి. మళ్లీ దొరికితే మళ్లీ డారెన్‌కి.

"వాడికెందుకురా నాయనా! వాడు మళ్లీ మన గోల్లోనే వేస్తాడు!" చలపతి జుట్టు పీక్కుంటున్నాడు.

"ఏవండీ, ఆయన బంతి ఎవరికిస్తున్నాడో చూస్తున్నారా?"

"చూస్తున్నా. గాడిదకి!"

"కాదు. జనం ఎవర్ని తిడితే వాళ్లకి. ఇందాక ఆ పొట్టతను జారిపడితే అందరూ నవ్వారా, వెంటనే అతనికిచ్చాడు. ఆ ఎర్రజుట్టు అబ్బాయి తప్పుగా తన్నాడా, మరుక్షణం అతనికి. ఇప్పుడు డారెన్ ప్లేటు ఖాళీగా ఉంది, అది నిండేదాకా వదలడు. తొమ్మిదేళ్లుగా వస్తున్నారు, ఏం చూశారండీ?"

"గోల్" అన్నాడు చలపతి నీరసంగా.

ఆట అయిపోవస్తోంది. ఉన్నట్టుండి మధ్యలోంచి యోఖెన్ బంతితో దూసుకొచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. గోల్‌కీపరు ముందుకు దూకి బోర్లా పడ్డాడు. ఎదురుగా గోలు! ఖాళీ గోలు! చలపతి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"కొట్టు! కొట్టరా యోగీ! నీ కాళ్లు మొక్కుతా, కొట్టు!"

గ్యాలరీ యావత్తూ లేచింది. మేనేజరు గీత దాటి లోపలికి వచ్చేశాడు. యోఖెన్ గోలుని చూశాడు. పక్కకి చూశాడు. వెనక నుంచి, దున్నపోతులా రొప్పుతూ, డారెన్ పరిగెత్తుకొస్తున్నాడు.

బంతి పక్కకి దొర్లింది.

డారెన్ తన్నాడు. తన్నాడనడం మర్యాద, ముంగాలి ఎముక తగిలింది. బంతి గోలు స్తంభానికి కొట్టుకుని, ఆలోచించుకుని, లోపలికి పోయింది.

ఇంతసేపూ డారెన్ వంశాన్ని ఉతికి ఆరేసిన జనమే కంచె దూకి అతన్ని భుజాలమీద ఎత్తుకున్నారు. డారెన్ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చలపతి, విద్యాసాగర్ ఒకళ్లనొకళ్లు కావలించుకుని గంతులేశారు. గంతుల మధ్యలో చలపతికి గుర్తొచ్చింది.

"అయ్యో, యోగి కాంట్రాక్టు పోయింది!"

ఆ సాయంత్రం యోఖెన్ చలపతి ఇంట్లోనే భోంచేశాడు. మే నెల కదా, ఎనిమిదైనా వెలుగుంది. మేనేజరు చెప్పినమాట చెప్పినట్టే సెలవిచ్చాడట. డారెన్‌కి మాత్రం రెండేళ్లకి కాంట్రాక్టు రాశాడట.

"మరి నువ్వేం చేస్తావు?" అన్నాడు చలపతి.

"మా ఊరి క్లబ్బువాళ్లు కోచ్‌గా రమ్మన్నారు. నాకంటే ముందు అడగాల్సినవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లని అడగమన్నాను."

కనకదుర్గ నెత్తి కొట్టుకుంది. చలపతి మాత్రం వదల్లేదు. "నిజం చెప్పు. డారెన్ కోసమే ఇచ్చావు కదూ?"

"అబ్బే, లేదు డాక్టర్" అన్నాడు యోఖెన్, పప్పన్నంలోంచి తలెత్తకుండా. "నాకు గురి లేదు. నేను కొడితే బయటికి పోయేది. చిన్నప్పటినుంచీ అంతే."

"విన్నావా?" చలపతి భార్య వైపు తిరిగాడు. "గురి లేదట. నువ్వేమో పెద్ద వేదాంతం తీశావు!"

భోజనం కాగానే ఖాళీ కోక్ డబ్బా పారేసి వస్తానని యోఖెన్ పెరట్లోకి వెళ్లాడు. వంటింటి కిటికీలోంచి మొగుడూ పెళ్లాం చూస్తున్నారని అతనికి తెలియదు. అటూ ఇటూ చూశాడు. డబ్బాని నెమ్మదిగా కాలివేళ్ల మీదికి జార్చి, ఎగరేసి, ఒక్క తాపు తన్నాడు. అది గడ్డి మీంచి లేచి, దండెం మీద ఆరుతున్న రెండు చొక్కాల మధ్యనుంచి దూరి, అల్లంత దూరాన కంచె పక్కనున్న మునిసిపాలిటీవాళ్ల చెత్తబుట్టలోకి దిగింది. అది కూడా మూత కాస్తే తెరిచి ఉన్న సందులోంచి. ఠంగుమంది. ఆ అదురుకి మూత పడిపోయింది.

తొమ్మిదేళ్లుగా దాచుకున్న "గోల్!" అంతా ఒక్కసారిగా చలపతి గొంతులోకి తన్నుకొచ్చింది. కనకదుర్గ ఠక్కున అతని నోరు మూసింది.

"అరవకండి. మనం చూశామని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడు."

యోఖెన్ చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. చలపతిని చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది డాక్టర్? ముఖం అంత ఎర్రబడింది, కళ్లలో నీళ్లు!"

"ఆవకాయ" అన్నాడు చలపతి.