ఏడో గొట్టం దగ్గర

సదానందం టీవీలో నీళ్లలో పడ్డ సంగతి తలుచుకొని గోదావరిఖనిలో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి. పరాయివాడు పడితే నవ్వు రావడం మనిషికి కొత్తేమీ కాదు. కానీ వాడు ఎందుకు పడ్డాడో ఒక్క ముసలామెకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

సదానందం బొగ్గుబాయిలో హాలేజ్ నడుపుతాడు. బొగ్గు నింపిన ఇనుప టబ్బుల వరసను తాడుతో లాగే యంత్రం అది. నడిపేవాడికి టబ్బులు కనబడవు. అవి తాడు చివర ఎక్కడో కింద చీకట్లో ఉంటాయి. అక్కడున్న మనిషి తీగ లాగితే ఇక్కడ గంట మోగుతుంది. ఒక్కటి కొడితే ఆపాలి. రెండు కొడితే దించాలి. మూడు కొడితే లాగాలి. పద్నాలుగేళ్లుగా సదానందం చేతులు ఆ గంట చెప్పినట్టే ఆడాయి, ఒక్కరోజు తప్ప.

ఆ ఒక్కరోజు కింద తీగ దగ్గర ఉన్నది ఎల్లేశం. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న స్నేహితులు. ఎల్లేశానికి ఇంకా పెళ్లి కాలేదు, సంబంధాలు చూస్తున్నారు. షిఫ్టు సగంలో సదానందం లివర్ మీద నుంచి చేతులు తీసి అరచేతిలో అంబర్ పొగాకు నలుపుకుంటున్నాడు. పదిహేనేళ్ల నాటి అలవాటు, అది లేనిదే పొద్దు గడవదు. అప్పుడు గంట పడింది. ఒక్కటే. అతను నలిపిన అంబర్ పారబోయకుండా ముందు పెదవి కింద పెట్టుకున్నాడు, తరువాత బ్రేకు పట్టాడు. ఎంతసేపు? రెండు సార్లు ఊపిరి తీసినంత సేపు. అంతలోనే పట్టాలు తప్పిన టబ్బుకూ గోడకూ మధ్య ఎల్లేశం నలిగిపోయాడు.

విచారణ జరిగింది. పట్టాలు తప్పడమే కారణమని రాశారు. గంట ఎప్పుడు పడింది, బ్రేకు ఎప్పుడు పడింది అని అడిగితే సదానందం "పడంగనే ఆపిన సార్" అన్నాడు. ఆ గదిలో రెండో మనిషి లేడు కదా, కాదనేవాళ్లెవరు?

అప్పటినుంచి దొంగకు తేలు కుట్టినట్టే బతికాడు. ఎల్లేశం తల్లి సారవ్వ గాంధీనగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆమె మొగుడు ఆగయ్య కూడా హాలేజ్ నడిపినవాడే, ఎప్పుడో పోయాడు. ఆమెకు గ్యాసు బండ మోసుకొచ్చేది సదానందం, దవాఖానకు తీసుకుపోయేది సదానందం, కప్పు కారితే రేకులు సర్దేది సదానందం. "కన్నకొడుకు గూడ గింత చెయ్యడు" అని వాడకట్టు మెచ్చుకుంటే అతనికి ఆ పూట అన్నం దిగేది కాదు. నాలుగేళ్లలో ఆమె ముందు ఎల్లేశం పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. "వాడు" అనేవాడు, "మావోడు" అనేవాడు. పేరు మాత్రం నోట్లోనే ఉండిపోయేది.

సారవ్వకు ఆదివారం పొద్దున టీవీలో వచ్చే ఒక పోటీ అంటే పిచ్చి. మనుషులు గోడలెక్కుతారు, బురదలో పాకుతారు, నీళ్లలో పడతారు. అన్నిటికంటే ఆఖరున తిరుగుడు గొట్టాలుంటాయి. నీళ్ల మీద తొమ్మిది ఇనుప గొట్టాలు వరసగా వేలాడుతుంటాయి. పట్టుకుంటే చాలు, చేతిలోనే గిర్రున తిరిగి మనిషిని జారవిడుస్తాయి. వాటిని గడువులోగా దాటినవాడు అవతలి మంచె ఎక్కి, మైకు పట్టుకొని తనకిష్టమైన ఒక మనిషి పేరు లోకానికంతా చెప్పొచ్చు. దాటినవాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో.

"బిడ్డా, నువ్వు గట్టిగున్నవ్ గద. నువ్వు వోయి గా మంచె ఎక్కరాదు?" అంది సారవ్వ ఒక ఆదివారం.

"నాతోని ఏడైతది అవ్వా."

"అయితదో కాదో పోతెనే ఎరుకైతది. ఎక్కి నా కొడుకు పేరు చెప్పు. ఏం పేరో నీకెరికే గద."

ఆ ఆఖరి మాట సదానందం గుండెలో ముల్లులా దిగింది. ఇంటికి నడుస్తుంటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అంతమంది ముందు ఆ పేరు నోటి నుంచి ఒక్కసారి బయటపడితే, దాని వెనకాల మిగతాది కూడా వస్తుందేమో. తిరిగొచ్చి ఈమె కాళ్ల దగ్గర కూర్చొని చెప్పేయగలడేమో. మనిషికి ఒక మాట చెప్పడానికి ఇంత చుట్టు తిరుగుడు కావాలా అని మీరు అడగొచ్చు. కొందరికి కావాలి.

దరఖాస్తు పెట్టాడు, పిలుపొచ్చింది. క్వార్టరు వెనక కానుగ చెట్టుకు గొట్టాలు వేలాడదీసి, వాటికి గ్రీజు పూసి మరీ రెండు నెలలు సాధన చేశాడు. అరచేతులు పొక్కులు లేచి, పగిలి, మళ్లీ గట్టిపడ్డాయి. ముప్పై ఆరేళ్ల వాడికి ఇదేం పిల్లచేష్ట అని వాడకట్టు నవ్వింది. సారవ్వ నవ్వలేదు. వారానికోసారి వచ్చి చెట్టు కింద కూర్చొని, ఎన్ని గొట్టాలు దాటాడో చూసి పోయేది. ఒకరోజు తొమ్మిదీ దాటాడు. "ఇగ పో" అంది.

హైదరాబాదులో ఆ రోజు పన్నెండు మంది పోటీ పడ్డారు. గోడలూ బురదా అయ్యాయి. గొట్టాల దగ్గర పదకొండు మంది మూడో దానికో నాలుగో దానికో జారి నీళ్లలో పడ్డారు. ఆఖరివాడు సదానందం.

మొదటి గొట్టం పట్టగానే కానుగ చెట్టు కిందే ఉన్నట్టనిపించింది. రెండు, మూడు, నాలుగు. గొట్టం తిరగకముందే చెయ్యి మారుస్తున్నాడు. అయిదు, ఆరు. జనం లేచి నిలబడ్డారు. ఏడో గొట్టాన్ని రెండు చేతులా పట్టాడు. మంచె కనబడుతోంది, దాని మీద మైకు కనబడుతోంది. ఎల్లేశం అనే పేరు నాలుక చివరికి వచ్చింది.

టంగ్.

ఇంకా పది సెకన్లే ఉన్నాయని చెప్పడానికి అక్కడ ఒక గంట కొడతారు. ఇంట్లో టీవీ చూసేవాళ్లకు అది పాటల హోరులో వినబడదు. అక్కడ మాత్రం అది ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు. బాయి గంటకూ దానికీ తేడా లేదు. ఒక్కటే పడింది.

సదానందం ఆగిపోయాడు.

ఆగాలని అనుకోలేదు. చేతులే ఆగాయి. "పో! పో!" అని జనం అరుస్తున్నారు. పోవాలని అతనికీ తెలుసు. కానీ గంట మూడుసార్లు పడందే కదలకూడదని పద్నాలుగేళ్లు నేర్చిన ఒళ్లు, నాలుగేళ్లుగా నిద్రలో కూడా ఒక్క గంటకు ఉలిక్కిపడి ఆగుతున్న ఒళ్లు, ఎవరి మాటా వినలేదు. గొట్టం మెల్లగా తిరిగింది. వేళ్లు ఒకటొకటే విడిపోయాయి.

నీళ్లలోంచి తేలగానే యాంకరమ్మ మైకు పెట్టింది. "ఏంటి సదానందం గారూ, బాగా వెళ్తూ వెళ్తూ రెడ్ సిగ్నల్ పడ్డట్టు ఆగిపోయారు?"

"చేతులు జారినయ్ మేడం" అన్నాడు. ఇంకో అబద్ధం.

ప్రసారమైన ఆదివారం అతను సారవ్వ ఇంట్లోనే కూర్చున్నాడు. రాకుంటే బాగుండదని వచ్చాడు. ఏడో గొట్టం దగ్గర అతను ఆగినచోట వాళ్లు బొమ్మను మెల్లగా నడిపి, నవ్వు పుట్టించాలని పాట ఆపేసి, మూడుసార్లు చూపించారు. పాట లేదు కాబట్టి మూడుసార్లూ గంట స్పష్టంగా వినబడింది. టంగ్, ఆగాడు. టంగ్, ఆగాడు. టంగ్, ఆగాడు.

సారవ్వ టీవీ బందు చేసింది.

"ఎంత జల్ది ఆగినవ్ బిడ్డా" అంది. "గంట వడుడు, ఆగుడు. రెప్పపాటు గూడ వట్టలే."

సదానందం తల ఎత్తలేకపోయాడు.

"నా మొగడు ముప్పయ్యేండ్లు హాలేజ్ నడిపిండు. గంటకు ఆగనోని మొఖం ఎట్లుంటదో నాకెరికే. ఒకసారి ఆయనె మొఖమే గట్లయింది, గప్పుడు దేవుని దయతోని ఎవ్వలకేం గాలే. నా కొడుకును తెచ్చి వాకిట్ల పండవెట్టిన్నాడు నీ మొఖం జూసిన. గానాటి సంది నువ్వు అంబర్ ముట్టలే. నువ్వు చెప్తవని నాలుగేండ్లు ఎదురు చూసిన. నీ నోట్లకెళ్లి వాని పేరన్న వస్తదని టీవీకి వొమ్మన్న."

"ఎల్లేశం..." అన్నాడు సదానందం. నాలుగేళ్ల తరువాత అదే మొదటిసారి. పేరు వచ్చాక మిగతాదీ వచ్చింది. అరచేతిలో అంబర్, పడిన గంట, పెదవి కింద పెట్టుకున్నాకనే పట్టిన బ్రేకు, సార్ల ముందు ఆడిన అబద్ధం. చెబుతూ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. సారవ్వ అడ్డం పడకుండా అంతా విన్నది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అవ్వా."

"ఇగ పో. కొన్నొద్దులు ఇటు రాకు. గ్యాసు బండ నేనే తెప్పించుకుంట."

"అవ్వా..."

"తిట్టుతలేను బిడ్డా. నువ్వు చెప్పెదాంక ఏడ్వద్దని ఆపుకున్న. ఇప్పుడు నా కొడుకు కోసం ఏడ్సుకోవాలె. నువ్వుంటే నిన్ను ఊకుంచుడే సరిపోతది."

సదానందం చెప్పులేసుకొని వాకిలి దాటాడు. వెనక తలుపు గడియ పడింది. మూలమలుపు దాకా నడిచాక ఆ ఇంట్లోంచి ఏడుపు మొదలైంది. కొడుకును పేరు పెట్టి పిలుస్తూ, ఆ రోజే శవం వచ్చినట్టు ఏడుస్తోంది. అతను అక్కడే ఆగిపోయాడు. వెనక్కి పోవద్దని ఆమె చెప్పింది. ముందుకు పోవడానికి కాళ్లు రాలేదు.