జిలానీ మాస్టారి తొలిబొమ్మ

ఫైబర్ బొమ్మలకి కలిపే రెసిన్ డబ్బా మూత తీస్తే ముందు ముక్కు మండుతుంది, తర్వాత కళ్ళు నీళ్ళు కారతాయి. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో అయితే ఆ ఘాటు గొంతులోకి దిగి అక్కడే కూర్చుంటుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయిలు ముక్కుకి చున్నీ చుట్టుకుని నన్ను వింతగా చూస్తారు, ఈవిడకి అసలు ముక్కుందా లేదా అని. ఉంది తల్లీ, లేకేం. కాకపోతే ఆ వాసన రాగానే నాకు ముక్కుకన్నా ముందు చెవి పనిచేస్తుంది. "మూతెట్టమ్మా రత్నం. మనం ఏటి కలుపుతున్నామో వీధంతా తెలియాలేటి?" అని జిలానీ మాస్టారు విసుక్కోవడం వినిపిస్తుంది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఆ మాట వినబడగానే, పని మధ్యలో ఉన్నా సరే, లేచి మూత పెట్టేస్తాను.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనకాల సందులో ఆయన బొమ్మల షెడ్డు ఉండేది. బడులకీ పార్కులకీ ఫైబర్ బొమ్మలు చేసేవారు. నోరు తెరిచిన పెంగ్విన్ చెత్తబుట్టలు, ఏనుగు తొండం మీంచి పిల్లలు జారే జారుడుబల్లలు, లేళ్ళు, జిరాఫీలు. సన్నగా, పొడుగ్గా, తెల్ల గడ్డంతో ఉండేవారు. అంత అనుమానం మనిషిని నేను మళ్ళీ చూడలేదు. టీ తెచ్చి ఇస్తే వాసన చూసి తాగేవారు. ఎవరైనా బొమ్మ బాగుందంటే "అయితే ఏటి కావాలి మీకు?" అని అడిగేవారు. నేను పని కోసం వెళ్ళిన రోజున, నాకు బొమ్మలంటే ఇష్టమండీ అన్నాను. "ఇష్టమని అందరూ సెప్తారు. ఆ లేడికి కన్ను పెట్టు, సూత్తాను" అన్నారు. పెట్టాను. కుర్చీ జరుపుకుని దగ్గరకొచ్చి, దూరంగా వెళ్ళి, పక్కనుంచి, చివరికి వంగి కిందనుంచి కూడా చూశారు. "పిల్లలు కిందనుంచే సూత్తారు. ఈ కన్ను ఆకాశంకేసి పోయింది. రేపు రా, దించుదాం" అన్నారు. అదే నాకు ఉద్యోగం ఇచ్చినట్టు. ఆ విషయం రెండు రోజులు పనిచేశాకగానీ నాకు తెలియలేదు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. కొత్త అచ్చులోంచి మొదట తీసిన బొమ్మను అమ్మేవారు కాదు. దాన్ని తొలిబొమ్మ అనేవారు. ఏ బడికో, అంగన్వాడీకో, దర్గా దగ్గర పిల్లలు ఆడుకునే చోటికో ఊరికే ఇచ్చేసేవారు. మాస్టారి నాన్నగారు మట్టిబొమ్మలు చేసే కాలం నుంచీ అంతేనట. తొలిబొమ్మ ఎప్పుడూ కొంచెం వంకరగానే వస్తుంది, ఎక్కడో గాలిబుడగ పడుతుంది, పుట్టీ పెట్టి సరిచేయాలి. బుచ్చయ్యపేట దగ్గర మా ఊరి బళ్ళో ఉన్న లేడి కూడా ఆయన తొలిబొమ్మే. దాని వీపు మీద ఎక్కి దిగి పెరిగినదాన్ని నేను. ఎవరినీ నమ్మని మనిషి, ముక్కూ మొహం తెలియని పిల్లలకి బొమ్మలు ఎలా పంచిపెట్టేవాడో నాకు అర్థమయ్యేది కాదు.

నేను చేరిన మూడో ఏట హైవే పక్కన నాయుడు గారు పెద్ద పార్కు కట్టారు. శారదానది దాటాక కశింకోట వైపు అప్పటికే ఇంకొకరి పార్కు ఉంది. రెండింటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కశింకోట వైపువాళ్ళు టీవీ బొమ్మల కంపెనీ ఒకదాని దగ్గర ఎర్రడేగ అనే వీరుడి హక్కులు కొన్నారు. నాయుడు గారు ఇంకో కంపెనీకి వెళ్ళి నీలిపిడుగును తెచ్చుకున్నారు. పిల్లలకి నీలిపిడుగంటే పిచ్చి, ఎర్రడేగను పట్టించుకున్న పిల్లలు లేరు. నీలిపిడుగు బొమ్మలు చేసే పని మా షెడ్డుకి వచ్చింది. ముందు నాలుగు, అవి నచ్చితే వేరే భంగిమల్లో ఇంకో ఏడు. పెంగ్విన్ల నుంచి బయటపడే దారి అదే. కంపెనీవాళ్ళు బొమ్మలు చేయించుకునే షెడ్డుల జాబితాలో ఒకసారి పేరెక్కితే రాష్ట్రంలో ఎక్కడ పార్కు కట్టినా పిలుస్తారు. జాబితాలోంచి పేరు కొట్టేస్తే మాత్రం మళ్ళీ ఎవ్వరూ పిలవరు.

ఒప్పందం చదివి వినిపించడానికి కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. నీలిపిడుగు బొమ్మ, ముసుగు, ఆటబండి, ఐస్‌క్రీమ్ కప్పు మీద ముద్రతో సహా అన్ని హక్కులూ శారదానదికి తూర్పున నాయుడు గారివి, నదికి పడమట ఎవరికీ ఇవ్వం అని చదివాడు. మాస్టారు చెయ్యెత్తారు. "ఏరు కదండీ, వరదొత్తే ఒడ్డు జరుగుతాది. రేపు ఏరు ఈ పార్కు ఎనక్కొచ్చేస్తే నీలిపిడుగు ఎవరిది?" టై ఆయన నవ్వాడు. నాయుడు గారు పొట్ట పట్టుకుని నవ్వేరు. మాస్టారు నవ్వలేదు. "నవ్వండి. నవ్వేక కాయితంలో రాయండి" అన్నారు. చివరికి నది కొట్టేసి కశింకోట రోడ్డు వంతెన అని రాశారు. తర్వాత ఇంకో వాక్యం దగ్గర ఆయన ఆగిపోయారు. నాలుగు బొమ్మలు తప్ప అచ్చులోంచి వచ్చిన మరే బొమ్మా మిగలకూడదు, మొదటి నమూనాతో సహా పగలగొట్టాలి, ఆఖర్న అచ్చు కూడా అందరి ముందూ పగలగొట్టాలి అని ఉంది అందులో. దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టారు.

తొలిబొమ్మ అచ్చులోంచి బయటికొచ్చిన వారమే ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారు. "రత్నం, తొలిబొమ్మ ఉందే, అది పగలగొట్టేయమ్మా. మనసొప్పదు గానీ కాయితం మీద ఒప్పుకున్నాం." అలాగే మాస్టారూ అన్నాను. ఆయన తిరిగొచ్చాక మేం నాలుగు బొమ్మలు తీశాం. నాయుడు గారూ టై ఆయనా చూస్తుండగా మాస్టారు సుత్తితో అచ్చు పగలగొట్టేరు. ఫోటోలు తీసుకున్నారు. అంతా సవ్యంగా అయిపోయిందనుకున్నాం.

రెండు నెలలు తిరగకుండా వంతెన అవతలి పార్కులో ఎర్రపిడుగు అని కొత్త వీరుడు వెలిశాడు. నీలం ముసుగు ఉండాల్సిన చోట ఎర్ర ముసుగు, ఛాతీ మీద వేరే గుర్తు. తక్కినదంతా, నిలబడే తీరు, ఎత్తిన చెయ్యి, నడుం మెలిక, అచ్చం మాదే. నాయుడు గారు మా షెడ్డుకొచ్చి బల్ల గుద్దేరు. "ఏటి మాస్టారూ, నమ్మి పని ఇత్తే ఇదా మీరు సేసింది? అచ్చు పగలగొట్టినట్టు నాటకమాడి ఇంకోటి దాసేరేటి?" మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకటే అన్నారు. "మీరు అనుమానపడ్డం నాయమే. నేనైనా అలాగే అనుకుందును." కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మూడు వారాల్లో జవాబు చెప్పాలి, లేకపోతే అచ్చు అమ్ముకున్నారని కేసు పెడతామని అందులో రాసి ఉంది.

ఆ మూడు వారాలూ షెడ్డులో ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోలేదు. నేను మాత్రం మాస్టారిని చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పేస్తున్నాను, నేను ఆయన్నే అనుమానించాను. శుక్రవారం నమాజు అయ్యాక తిన్నగా షెడ్డుకొచ్చే మనిషి, కశింకోట వెళ్ళే షేర్ ఆటో ఎక్కడం మొదలుపెట్టేరు. సాయంత్రం వచ్చి ఎక్కడికెళ్ళేరో చెప్పేవారు కాదు. జేబులోంచి చిన్న కాయితం తీసి చూసుకుని, నేను వస్తే మడిచి లోపల పెట్టేసేవారు. అందరినీ అనుమానించేవాడి లోపల ఏదో ఉండే ఉంటుంది, లేకపోతే లోకం మీద అంత అపనమ్మకం దేనికి అని నాలో నేనే తీర్పు చెప్పేశాను. అన్నం పెట్టిన చేతిని అనుమానించడం ఇంత సులువా అని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు సిగ్గెయ్యలేదు, నేనేదో తెలివైనదాన్ని అనిపించింది.

మూడో శుక్రవారం వెనకాల ఇంకో ఆటోలో నేనూ వెళ్ళాను. ఆయన వంతెన దాటి ఆ పార్కు దగ్గరే దిగేరు. దొరికిపోయాడు ముసలాయన అనుకున్నాను. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళేరు. నేను చెరకురసం బండి పక్కన నిలబడి చూశాను. ఆయన ఎవరినీ కలవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఎర్రపిడుగు ముందు నిలబడి, పిల్లలు ఫోటోలు తీసుకుని జరిగేదాకా ఓపిగ్గా ఆగి, బొమ్మ ఎడమ చేతిని జానతో కొలిచి కాయితం మీద రాసుకున్నారు. తర్వాత దాని బొటనవేలు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆయన బయటికి వెళ్ళిపోయాక నేను వెళ్ళి ఆ వేలు చూశాను. గోరు వెడల్పుగా, ఒకపక్కకి కొంచెం ఉబ్బి ఉంది. మేం అమ్మిన నాలుగింటిలో ఏ బొమ్మకీ అలాంటి గోరు లేదు. అది నేను పుట్టీ పెట్టి, నా చేత్తో తీర్చిన గోరు. తొలిబొమ్మ గోరు.

నేను తొలిబొమ్మను పగలగొట్టలేదు. సుత్తి పట్టుకున్నాను, దాని మొహం చూశాను, కొట్టలేకపోయాను. బెల్లం వ్యాన్ మీద మా ఊరి బడికి పంపేశాను. తొలిబొమ్మ పిల్లలది కదా, ఆచారం కాయితం కన్నా పాతది కదా అనుకున్నాను. నోటీసు వచ్చాక కూడా అది గుర్తు రాలేదంటే అబద్ధం, నేనే గుర్తు రానివ్వలేదు. ఆ పార్కు గేటు దగ్గర నుంచే మా ఊరి హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశాను. "అదా అమ్మా, రంగు ఎలిసిపోయిందని, కొత్త రంగేసి తెత్తామని ఎవరో వచ్చి పట్టుకెళ్ళి, పది రోజులకి తెచ్చిచ్చేరు. నీ మనుషులే అనుకున్నాం" అన్నారాయన. ఆ పది రోజుల్లో దాని మీంచి కొత్త అచ్చు తీసుకున్నారన్నమాట. అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు, పెంగ్విన్ ముక్కుకి పసుపు రంగు వేస్తున్నారు. "మాస్టారూ, నేనొక మాట సెప్పాలి" అన్నాను. ఆయన బ్రష్షు ఆపలేదు. "సెప్పకు" అన్నారు. "అది కాదు మాస్టారూ, ఆ బొమ్మ..." అంటుంటే ఈసారి బ్రష్షు కింద పెట్టి నావైపు తిరిగేరు. "ఇను బేటీ. ఇప్పటిదాకా నాకున్నది అనుమానం. అనుమానం ఎంతైనా కడుపులో దాసుకోవచ్చు. నువ్వు సెప్పేవంటే అది నాకు తెలిసినట్టవుద్ది. రేపు వాళ్ళొచ్చి తెలుసా అని అడిగితే నేను అబద్ధమాడలేను. నా నోటంట నీ పేరొచ్చిందంటే, నీకు ముప్పై ఏళ్ళు లేవు, ఈ పనిలోకి నిన్నింకెవరూ రానివ్వరు." ఆయనే మళ్ళీ అన్నారు. "నన్ను అనుమానించేవు కదూ. ఎనకాల ఆటోలో నిన్ను సూసేను." తల దించుకున్నాను. "పరవాలేదు. ఎవరినైనా అనుమానంగా సూడాల్సిందే. నీ చేతిని కూడా సూసుకోవాలి, అంతే" అని పెంగ్విన్ వైపు తిరిగిపోయేరు.

సోమవారం కంపెనీ ఆయన వచ్చాడు. అచ్చు అమ్మలేదనీ, మొదటి నమూనాను పగలగొట్టించే బాధ్యత తనదనీ, ఆ బాధ్యతలో తానే తప్పిపోయాననీ మాస్టారు రాసిచ్చేరు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా పేరూ లేదు. కేసు పెట్టలేదు, అవతలి పార్కువాళ్ళు ఎర్రపిడుగును దించేసేరు. జిలానీ బొమ్మల షెడ్డు పేరు మాత్రం జాబితాలోంచి కొట్టేసేరు. మిగతా ఏడు బొమ్మలూ వేరే ఊరు వెళ్ళిపోయాయి. ఆయన చివరిదాకా పెంగ్విన్లే చేశారు. నేను షెడ్డు మూలన నిలబడి, ఆయన సంతకం పెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అప్పుడైనా ముందుకొచ్చి నేనే అని ఉండాల్సింది. భయపడ్డాను. దానికి ఇంకో పేరు లేదు.

రెండేళ్ళ తర్వాత విశాఖలో ఒక పెద్ద షెడ్డులో నాకు పని దొరికింది, జాబితాలో ఉన్న షెడ్డు. చేరిన రోజున ఆ యజమాని అన్నాడు, "జిలానీ గారు ఎవరినీ నమ్మరని ప్రతీతి. నీ గురించి అడిగితే నమ్మొచ్చు అన్నారమ్మా. నాకు అంతకన్నా ఏం కావాలి" అని. తల ఊపి పనిలోకి దిగిపోయాను. ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది, మూడు కంపెనీల జాబితాల్లో పేరుంది. ఏటా అనుమతి తిరగరాయించుకునేటప్పుడు ఒక దరఖాస్తు నింపాలి. మీరు గానీ, మీరు పనిచేసిన చోట మీ వల్ల గానీ ఎప్పుడైనా ఒప్పందం ఉల్లంఘన జరిగిందా అని అందులో ఒక గడి ఉంటుంది. ప్రతి ఏడూ ఆ గడి దగ్గర నా చెయ్యి ఆగుతుంది. ప్రతి ఏడూ లేదు అనే రాస్తాను. నా షెడ్డులో పదకొండు మంది పనిచేస్తున్నారు, వాళ్ళ మొహాలు చూసి రాస్తానని నాకు నేను చెప్పుకుంటాను, అదీ పూర్తిగా నమ్మను. కంపెనీవాళ్ళు ఆ మాట చదివి ముద్ర వేసి పంపిస్తారు, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. ఆ మాట చదివి, నా మొహంలోకి చూసి, నిజమేనా అని అడగగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన అడగలేదు.