పార్థసారథి మాస్టారి నిమ్మకాయ పరీక్ష

1975లో మా పాత డ్రిల్లు మాస్టారు పార్థసారథి గారిని కూకట్‌పల్లి బస్టాపులో చూశాను. చెవులు కప్పే జుట్టు, భుజాల దాకా పరుచుకున్న కాలరు, రోడ్డు మీది దుమ్మంతా ఊడ్చే బెల్‌బాటం పాయింటు. నలభై దాటిన మనిషికి ఆ వేషం చూస్తే నవ్వు రావాలి. నాకు ఒళ్లు మండింది. ఏడేళ్ల కిందట ఈ పెద్దమనిషే పాయింటు కొలత పేరు చెప్పి ఒకడి చదువు ఆపబోయారు.

ఆయన తెనాలి వైపు నుంచి మా బడికి ఉద్యోగానికి వచ్చారు. వాలీబాల్ నెట్టు బిగించి కట్టడం రాదు గానీ ఈల మాత్రం బ్రహ్మాండంగా ఊదేవారు. అప్పట్లో గొట్టం పాయింట్ల పిచ్చి. తొడుక్కోవడానికి అరగంట, విప్పడానికి ఇద్దరు మనుషులు. అదే నాగరికత అనుకున్నాం, మా తెలివి అంతవరకే. బడి నియమం ప్రకారం ఖాకీ పాయింటే వేసుకోవాలి కాబట్టి ఖాకీలోనే గొట్టాలు కుట్టించుకున్నాం.

దానికి మాస్టారు కనిపెట్టిన మందు నిమ్మకాయ. పొద్దున ప్రార్థన కాగానే వరసలో నిలబెట్టి, నడుం దగ్గర పాయింటులోకి నిమ్మకాయ వదిలేవారు. అది జారి మడమ దగ్గర పడితే సరే. మధ్యలో ఆగిందంటే బ్లేడు తీసి కింది నుంచి మోకాలి దాకా కుట్టు కోసేసేవారు. అదే నిమ్మకాయ వారమంతా ఆయన జేబులోనే ఉండేది. శనివారం ఇంటికెళ్లి పులిహోరలో పిండుకునేవారేమో, నాకు తెలియదు.

నా పాయింటు ఆబిడ్స్‌లో కుట్టించింది, అందరికంటే బిగుతు. కానీ మా నాయన పట్వారీ. నా దగ్గరికి వచ్చేసరికి మాస్టారి నిమ్మకాయ జేబులోంచి బయటికే వచ్చేది కాదు. "రేపు మార్పించుకో బాబూ" అని ముందుకు వెళ్లిపోయేవారు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

1968 జనవరిలో ఐలయ్య దొరికాడు. వాడు మాదాపూర్ గుట్టల్లో గొర్రెలు కాసుకునే వాళ్ల అబ్బాయి, రోజూ నడిచి వచ్చేవాడు, లెక్కల్లో మా అందరికంటే ముందు. నిమ్మకాయ వాడి తొడ దగ్గరే ఆగిపోయింది.

"ఏరా, గొర్రెల కాడ కూడా ఫ్యాషనేనా?"

"కాదు సార్, పాతది సార్, ఇరుకైంది" అన్నాడు ఐలయ్య.

మాస్టారు వినలేదు. బ్లేడు కుట్టుతో పాటు బట్టను కూడా చీల్చింది. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

వాడికి ఉన్నది ఆ ఒక్క పాయింటే. వారం రోజులు బడికి రాలేదు. ఇంకో వారం మానితే హాజరు చాలదు, మార్చిలో బోర్డు పరీక్షకు కూర్చోనివ్వరు. గొర్రెల్లోకి పోతానని వాడు ఇంట్లో తేల్చి చెప్పేశాడట.

ఎనిమిదో రోజున వాళ్లమ్మ చంద్రమ్మ వాడి చెయ్యి పట్టుకుని ప్రార్థన వేళకు వచ్చింది. వాడు తండ్రి ధోతి కట్టుకున్నాడు. ఆమె చేతిలో చిరిగిన పాయింటు, సూది, దారం.

హెడ్మాస్టరు నరసింహమూర్తి గారు అడ్డం వచ్చారు. "ధోతి కుదరదమ్మా. బడికో నియమం ఉంది."

"పాయింటేస్తే కోస్తిరి. ధోతి కడితే వద్దంటున్నరు. మరేం కట్టుకొని రావాలె సారూ, మీరే చెప్పుండ్రి."

హెడ్మాస్టరు ఐలయ్యను క్లాసులోకి పొమ్మని చెయ్యి ఊపారు. చంద్రమ్మ మాత్రం కదల్లేదు. పాయింటు డ్రిల్లు మాస్టారి ముందు పెట్టింది.

"నువ్వే కోస్తివి. నువ్వే కుట్టు."

మాస్టారు నవ్వేయబోయారు. మేమెవ్వరం నవ్వలేదు. డబ్బులిస్తాను, దర్జీకి ఇవ్వమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపి వరండాలో కూలబడింది. చివరికి ఆయనా మెట్టు మీద కూర్చోక తప్పలేదు. సూదిలో దారం ఎక్కించడానికే ఒక పీరియడు పట్టింది. రెండో పీరియడులో ముందు బట్టా వెనక బట్టా కలిపి, కాలు దూరే దారి లేకుండా కుట్టారు. ఊరందరి పాయింట్లకీ కొలతలు చెప్పిన మొనగాడి పనితనం అది. చంద్రమ్మ ఆ కుట్టంతా పంటితో తెంపి మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"మల్ల కుట్టు."

మధ్యాహ్నం గంట కొట్టేవేళకు, వేళ్లు పొడుచుకుని పొడుచుకుని, వంకరటింకరగా ఎలాగో పూర్తి చేశారు. ఆమె పాయింటును మడిచి చంకలో పెట్టుకుంది.

"రేపటి నుంచి దీన్నే వేసుకు రమ్మనమ్మా" అన్నారు హెడ్మాస్టరు.

"యాడేస్తడు సారూ? పోరడు ఎదిగిండు, అప్పుడే తొడల కాడ ముశ్కిల్‌గ ఎక్కుతుండె, ఇగ ఎక్కది. పరీక్షల దాక ధోతిల్నే వస్తడు."

"మరి పొద్దుట్నుంచి ఇదంతా ఎందుకు కుట్టించావు?"

చంద్రమ్మ మాస్టారి వేళ్ల వైపు చూసింది.

"కోసేటప్పుడు మస్తు అల్కగ, ఒక్క గుంజుడుకే కోసిండు గద. కుట్టుడు ఎట్లుంటదో తెల్వనీ అని."