పశువుల పాకలో ఈత మట్ట

మా చిన్నప్పుడు బీదర్‌లో, ఒక డిసెంబరు పొద్దున, జైనబ్ ఖాలా వాకిట్లో ఈత మట్ట కోస్తున్నాను... ఈత మట్ట మొదలు దగ్గర సూదుల్లాంటి ముళ్లుంటాయి, కోసినవాళ్లకే తెలుస్తుంది. ఒకటి బొటనవేలిలో దిగింది. ఖాలా పిన్నీసుతో తీసి, పసుపు అద్ది, కత్తి మళ్లీ నా చేతికే ఇచ్చింది. పదేళ్ల పిల్లకు అంతకంటే గౌరవం ఏం కావాలి!

మేము జహీరాబాద్ నుంచి వచ్చినవాళ్లం. హైదరాబాద్‌లో అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి... వాటికి కిటికీ ఫ్రేములు చేసే చిన్న కార్ఖానా ఒకటి బీదర్ పక్కనే నౌబాద్‌లో ఉండేది. మా బాపుకు అందులో పని. పక్కిల్లు ఖాలాది, ఉర్దూలో పిన్నిని అలాగే పిలుస్తారు. ఆమె పుట్టిల్లు కూడా జహీరాబాద్ వైపే, అందుకే మాతో తెలుగే మాట్లాడేది. పొద్దున్నే వాడకట్టు పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. అదే వేళకు మా అమ్మ బైబిల్ చదువుకునేది. మధ్య గోడ నా నడుమెత్తు కూడా లేదు.

ఆ ఇద్దరూ పప్పు ఏరుతూ వాదులాడుకుంటుంటే వినాలి మీరు... మోషే అని అమ్మ, మూసా అని ఖాలా. దావీదు కీర్తనలని అమ్మ, జబూర్ అని ఖాలా. తౌరాత్ అనే మోషే ధర్మశాస్త్రం, జబూర్, ఇంజీల్ అనే సువార్త కూడా పైనుంచి దిగినవేనని తాము నమ్ముతామని, తర్వాత వాటిలో మనుషుల చేయి పడిందని ఖాలా మొహమాటం లేకుండా చెప్పేది. మా దాంట్లో ఒక్క అక్షరం మారలేదని అమ్మ అంతే గట్టిగా అనేది. యేసు దేవుని కొడుకని ఒకరు, కాదు, ప్రవక్త అని ఇంకొకరు. ఒక్కరూ తగ్గేవారు కాదు. చివరకు ఇద్దరూ చాయ్ తాగి లేచేవారు.

ఆ యేడు రంజాన్, క్రిస్మస్ ఒకే నెలలో వచ్చాయి. చర్చిలో యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో కట్టే పని మా సండే స్కూల్ పిల్లలకు అప్పగించారు. ఆ మాట చెబితే ఖాలా నాకు మరియమ్మ కథ చెప్పింది. ఖురాన్‌లో ఆమె పేరు మీద ఒక అధ్యాయమే ఉందట. ఆమె పక్కన ఎవరూ లేకుండా, నొప్పులు పడుతూ, ఒక ఖర్జూర చెట్టు మొదలు దగ్గరకు చేరిందట. చెట్టును ఊపమని ఒక మాట వినబడిందట... పండ్లు రాలాయట.

నాకు ఆ చెట్టు కావాలనిపించింది. మా పాకలో యోసేపు ఉన్నాడు, గొర్రెలున్నాయి, జ్ఞానులు కానుకలు పట్టుకుని ఉన్నారు... కన్న తల్లికి తినడానికి మాత్రం ఏమీ లేదు. అమ్మను అడిగాను.

"లూకా సువార్తల చెట్టు లేదు బిడ్డా. గని చెట్టు లేకుండె అని గూడ రాయలే. పెట్టుకో" అంది.

బీదర్‌లో ఖర్జూర చెట్టు ఎక్కడిది... ఖాలా వాకిట్లోని ఈత చెట్టే దానికి దగ్గరి చుట్టం. డిసెంబరులో ఈత పండ్లు ఉండవు కాబట్టి, ఇఫ్తార్‌కు దాచుకున్న ఖర్జూరాలు తెచ్చి తెల్ల దారంతో మట్టకు కట్టింది ఖాలా. మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసంలో కూర్చుని, ఒక్కొక్కటే కట్టింది. మధ్యాహ్నం చూడ్డానికి వస్తానంది.

అమ్మా బాపులతో చర్చికి వెళ్లి, పాకలో మరియమ్మ బొమ్మ వెనక మట్ట నిలబెట్టాను. అప్పుడొచ్చాడు మా చర్చి సంఘ పెద్ద. బాపు పనిచేసే కార్ఖానాలో సూపర్‌వైజర్ కూడా ఆయనే. ఇది ఎవరు చెప్పారని అడిగాడు. చెప్పాను... దాచాలని కూడా తెలియని వయసు.

"వాళ్ల కథ మన పాకల ఎందుకొచ్చింది?" అన్నాడు.

మట్ట పీకి గేటు పక్కన చెత్తలో పడేశాడు. ఖర్జూరాలు మట్టిలో దొర్లాయి. మరియమ్మను అంత మర్యాదగా తలచుకునే పుస్తకం ఇంకొకటి ఉందని ఆ మనిషికి తెలుసా? ఒక్క పేజీ అయినా తిరగేశాడా? తెలియకపోతే అడగొచ్చు కదా... మా గోడ అవతలే ఉంది చెప్పే మనిషి.

అందరి ముందు క్షమాపణ అడగమన్నాడు. నేను అడగలేదు. బాపు నా మెడ మీద చెయ్యి వేసి తల కిందికి వంచాడు. పని పోతుందని ఆయన భయం. భయమైతే ఏంటి... వంచాడు కదా! ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అమ్మ ఖర్జూరాలు ఏరి కొంగున కట్టుకుంది. మట్టను మాత్రం ఎవరూ తీయలేదు, నేను కూడా.

మధ్యాహ్నం ఖాలా వచ్చింది, ఉతికిన దుపట్టా కప్పుకుని. గేటు దగ్గరే ఆగింది. చెత్తలో మట్ట, దానికి ఇంకా వేలాడుతున్న దారం. నా వైపు చూసి నెమ్మదిగా అడిగింది.

"మట్ట ఎండిపోయిందా బిడ్డా?"

నా వెనక బాపు, బాపు వెనక పెద్దాయన.

"ఆఁ ఖాలా, ఎండింది" అన్నాను.

పొద్దున కోసిన మట్ట... ఆమె కళ్ల ముందే పచ్చగా ఉంది.

"కోసినంక ఎండుతది తియ్" అంది. నా బొటనవేలు పట్టుకుని, ముల్లు దిగిన చోటు చూసి, వెళ్లిపోయింది.

తర్వాత కూడా ఖాలా మాతో మామూలుగానే ఉంది. అమ్మతో కలిసి పప్పు ఏరేది, చాయ్ తాగేది. పుస్తకాల మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

ఖాలా పోయి చాలా ఏళ్లయింది. ఆ వాకిట్లో ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు, గోడ నా తలకంటే ఎత్తు. నేనుండేది హైదరాబాద్‌లో. నిన్న మా ఇంట్లో కట్టిన క్రిస్మస్ పాక ఫోటో అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే, ఈత మట్ట ఎందుకని ఒకాయన వెటకారం చేశాడు. మా కథ ఎత్తుకుపోయారని ఒకరు, మీరే మార్చేశారని ఇంకొకరు... పొద్దుగూకేదాకా చాయ్ లేని వాదన. ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

మీరూ చిన్నప్పుడు ఎవరి ముందైనా భయపడి ఇలాంటి అబద్ధం ఆడి ఉంటే, నిజం ఇక్కడ కింద రాయండి... వినాల్సినవాళ్లు ఇప్పుడు లేకపోయినా సరే. ముందు నాది రాస్తాను.

అది ఎండలేదు ఖాలా.